ఊళ్లు తిరిగేవాళ్లకు డీఎస్ఎల్ఆర్: ముందు లెన్సు, ఆ తర్వాతే బాడీ

"ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. శ్రీకాకుళంలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం కళింగపట్నమో శాలిహుండమో వెళ్లొచ్చేవాళ్లు, విజయనగరంలో చదువుకుంటూ సెలవు దొరికితే తాటిపూడి వైపు బండి తీసేవాళ్లు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దంతో పనిచేసే, లెన్సు మార్చుకోగల కెమెరా) గురించి వరసగా రాసిపెడితే నయమనిపించింది.

చాలామంది ముందు బాడీ (లెన్సు లేని కెమెరా) కొంటారు, డబ్బు మిగిలితే లెన్సు సంగతి చూస్తారు. ఇక్కడ ఆ వరస తిరగేశాను. మొదట మీరు తీసే ఫొటో, దాన్నిబట్టి లెన్సు, ఆ లెన్సుకు తగ్గ బాడీ.

1. షాపుకెళ్లే ముందు ఫోన్ గ్యాలరీ తెరవండి

గత ఏడాది మీరు తిరిగిన చోట్ల తీసిన ఫొటోలన్నీ ఒకసారి చూడండి. బాగా వచ్చినవాటిని వదిలేయండి, వాటికి ఫోను చాలు. పాడైనవాటినే పట్టించుకోండి. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసి, పాడైన ప్రతి ఫొటోకు తగిన గడిలో ఒక గీత పెట్టండి:

- దూరమైపోయింది: పక్షి, శిఖరం మీది శిల్పం, ఏటి మధ్యలో పడవ
- ఫ్రేములో పట్టలేదు: ఇరుకు వీధిలో గోపురం, ఇంటి లోపలి గది
- చీకటికి పాడైంది: మగ్గం గది, సాయంత్రం సంత, దీపాల వెలుగు
- కదిలిపోయింది: ఊరేగింపు, ఆడుకునే పిల్లలు, బస్సు కిటికీలోంచి తీసినవి

ఏ గడిలో గీతలు ఎక్కువుంటే మీ రెండో లెన్సు అక్కడ తేలుతుంది. మొదటిది ఎలాగూ కిట్ లెన్సే, అంటే బాడీతోపాటు వచ్చే 18-55 లాంటిది. "కదిలిపోయింది" గడి నిండితే మాత్రం లెన్సు కొనేముందు షట్టర్ స్పీడ్ (వెలుతురును లోపలికి వదిలే సమయం) సంగతి నేర్చుకోండి. ఆ జబ్బు సగం డబ్బు ఖర్చు లేకుండానే కుదురుతుంది.

దాంతోపాటు మీ ప్రయాణం ఎలాంటిదో కూడా రాసుకోండి. కారులో వెళ్లేవాళ్లకు బరువు పట్టదు. ఆర్టీసీ బస్సు దిగి శాలిహుండం కొండెక్కేవాళ్లకు, రామతీర్థంలో బోడికొండ మెట్లెక్కేవాళ్లకు ప్రతి వంద గ్రాములూ తెలుస్తుంది. మొత్తం సరంజామా కిలోన్నర దాటకుండా చూసుకోమని నా సలహా. అంతకన్నా బరువైన బ్యాగు నాలుగోసారికి ఇంట్లోనే ఉండిపోతుంది.

2. ఎంఎం లెక్క ఒక్కసారి తెలుసుకోండి

లెన్సు మీద ఎంఎంలలో రాసిన అంకె ఎంత చిన్నదైతే అంత వెడల్పు దృశ్యం, ఎంత పెద్దదైతే అంత దగ్గరగా. 18 అంటే గుడి మొత్తం, 250 అంటే శిఖరం మీది చిలుక.

తక్కువ ధర డీఎస్ఎల్ఆర్‌లలో ఉండేది ఏపీఎస్-సీ సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే భాగం). 35 ఎంఎం ఫిల్మ్ అంత ఉండే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది. అందుకే లెన్సు మీది అంకెను కెనాన్‌లో 1.6తో, నికాన్‌లో 1.5తో హెచ్చవేస్తే అది చూపించే దృశ్యం కొలత తెలుస్తుంది. కెనాన్ మీద 50 ఎంఎం వేస్తే 80 ఎంఎంలా కనిపిస్తుంది. ఫొటోగ్రఫీ పుస్తకాల్లో "50 ఎంఎం మామూలు చూపుకు దగ్గర" అని చదివి అదే కొని, పెంకుటింట్లో మనిషిని తీయబోతే వెనక గోడకు వీపు తగిలినా సగం మనిషే వస్తాడు. కారణం ఈ లెక్కే.

రెండో అంకె అపెర్చర్, అంటే లెన్సు లోపలి రంధ్రం ఎంత తెరుచుకుంటుందనేది. ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. కిట్ లెన్సు మీద 3.5-5.6 అని ఉంటుంది. వెడల్పుగా ఉన్నప్పుడు 3.5, పూర్తిగా జూమ్ చేస్తే 5.6.

3. మన చోట్లకు ఏ లెన్సు పనికొస్తుంది

మార్గదర్శి మొత్తంలో నిదానంగా చదవాల్సిన భాగం ఇదే.

మగ్గాలు, ఇళ్లు, చీకటి గదులు. ఖద్దరు నేసే పొందూరు వెళ్లారనుకోండి. ఒక ఇంటి వరండాలో పెద్దామె వాలుగ చేప దవడతో పత్తి ఏకుతూ ఉంటుంది. వెలుతురు ఒక్క గుమ్మంలోంచే. చెయ్యి కదులుతూ ఉంటుంది కాబట్టి షట్టర్ స్పీడ్ కనీసం సెకనులో 125వ వంతు ఉండాలి. కిట్ లెన్సు 35 ఎంఎం దగ్గర ఇచ్చే గరిష్ఠ అపెర్చర్ ఎఫ్/4.5 ప్రాంతం. అక్కడ కెమెరా ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు స్పందించే స్థాయి) 6400 అడిగిందనుకుందాం. తక్కువ ధర బాడీల్లో ఆ ఐఎస్ఓకు చర్మం మీద గింజల్లాంటి చుక్కలు తేలతాయి, తెల్ల పత్తిలో పోగులు కలిసిపోతాయి. అదే చోట 35 ఎంఎం ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్సు) వేస్తే ఆరు రెట్ల వెలుతురు వస్తుంది. ఐఎస్ఓ 1000 దగ్గరే పనైపోతుంది.

అలాగని ఎఫ్/1.8 దగ్గరే తీసేయకండి. దగ్గర్నుంచి తీస్తే కన్ను స్పష్టంగా వచ్చి చేతిలోని దవడ మసకైపోతుంది. ముఖమూ చెయ్యీ రెండూ కావాలంటే ఎఫ్/2.8కి మూసి, ఐఎస్ఓ కొంచెం పెంచండి. ఇంకో మాట: ముందు కెమెరా బ్యాగులోనే ఉంచి కాసేపు కూర్చోండి. "ఏటి బావు, పేపర్లో ఏస్తారేటి?" అని వాళ్లే అడుగుతారు. జవాబు చెప్పి, సరేనన్నాకే తీయండి.

ఈ పనికి నికాన్ వాళ్లకు 35 ఎంఎం ఎఫ్/1.8జీ డీఎక్స్ ఉంది, బరువు 200 గ్రాములు. కెనాన్ వాళ్లకు ఆ ధరలో అచ్చంగా అలాంటిది లేదు. చవకైన 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం ముఖాలకు అద్భుతం, గదులకు ఇరుకు. ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్/2.8 గదికి సరిపోతుంది కానీ వెలుతురు అంత రాదు. ఇళ్లలో, పనివాళ్ల దగ్గర ఎక్కువ తీసేవాళ్లు నికాన్ వైపు మొగ్గడానికి నా దృష్టిలో ఈ ఒక్క లెన్సూ చాలు.

పక్షులు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు సెప్టెంబరు నుంచి మార్చి వరకు ఉంటాయి. ఊరి చెట్ల మీదే గూళ్లు కాబట్టి, పక్షులూ పెద్దవే కాబట్టి, కెనాన్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం లేదా నికాన్ ఏఎఫ్-పీ 70-300 వీఆర్ సరిపోతాయి. గూట్లో పిల్లకు మేత పెట్టే దృశ్యం దొరుకుతుంది. ఎగిరేటప్పుడు తీయాలంటే షట్టర్ 1/1000, ఫోకస్ కంటిన్యువస్ (కదిలేదాన్ని వెంటాడే) మోడ్‌లో, ఐఎస్ఓ ఆటోలో పెట్టండి. లకుముకి పిట్ట లాంటి చిన్నవాటికి మాత్రం 300 కూడా చాలదు. అక్కడినుంచి 150-600 లాంటి లెన్సుల లోకం మొదలవుతుంది. అది ప్రయాణపు బ్యాగులో పట్టదు, ఈ మార్గదర్శిలోనూ పట్టదు.

జనం, ఊరేగింపు. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. అక్కడ లెన్సు మార్చే ఆలోచనే పెట్టుకోకండి. భుజాల మధ్య చెయ్యి కదలదు, దుమ్ము లేస్తుంది. 18-135 లేదా 18-140 ఒక్కటే తగిలించుకొని వెళ్లండి. సిరిమాను ముందు నడిచే పాలధార, బెస్తవారి వల, అంజలి రథం దగ్గరగా వెడల్పులో వస్తాయి. సిరిమాను (పొడవాటి చెట్టు మాను) చివర ఆసనంలో కూర్చున్న పూజారి జూమ్‌లో వస్తాడు. ఆయన వెనక ఉండేది ఆకాశం కాబట్టి కెమెరా దాన్ని కొలిచి మనిషిని నల్లగా చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే అమరిక) ఒకటి నుంచి ఒకటిన్నర ప్లస్ వైపు పెట్టండి. ఆకాశం తెల్లబడితే పడనివ్వండి, అక్కడ కావాల్సింది ముఖం.

రాతి గుళ్లు. శ్రీముఖలింగంలో చెక్కడాలకు గొప్ప లెన్సు అక్కర్లేదు, కిట్ లెన్సును ఎఫ్/8 దగ్గర వాడితే చాలు. కావాల్సింది ఏటవాలు వెలుతురు. పొద్దున్నే గానీ, సాయంత్రం నాలుగు దాటాక గానీ వెళ్లండి. మిట్టమధ్యాహ్నం తీస్తే శిల్పం గోడకు అంటించిన కాగితంలా చదునైపోతుంది. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్‌కు విడిగా అనుమతి కావాలి. అది మోసుకెళ్లి గుమ్మం దగ్గర వాదించకండి. అరసవల్లి, శ్రీకూర్మం లాంటి పూజలు జరిగే గుళ్లలో గర్భాలయం వైపు కెమెరా ఎత్తడమే ఉండదు. బయట ఎంతవరకు తీయొచ్చో ముందే అడగండి.

వైడ్ లెన్సు. కెనాన్ 10-18, నికాన్ ఏఎఫ్-పీ 10-20 చవకా తేలికా. అయినా తొందరపడొద్దంటాను. "ఫ్రేములో పట్టలేదు" గడి నిజంగా నిండితేనే కొనండి. కొత్తలో దీంతో తీసిన ఫొటోల్లో ముందంతా ఖాళీ నేల, ఎక్కడో దూరాన చిన్న గుడి ఉంటాయి. పైకి ఎత్తి తీస్తే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. అరుదుగా అవసరమయ్యేవాళ్లు 18 ఎంఎం దగ్గర నిలువుగా మూడు ఫొటోలు పక్కపక్కన తీసి కంప్యూటర్లో కలుపుకుంటే సరిపోతుంది.

4. రెండు, మహా అయితే మూడు లెన్సుల జత కట్టండి

గీతల కాగితం ముందు పెట్టుకొని ఈ జతల్లో ఒకటి ఎంచుకోండి:

- మనుషులు, ఇళ్లు, సంతలు ఎక్కువైతే: 18-55 + ఒక ప్రైమ్
- పక్షులు, ఏరు, సముద్రం ఎక్కువైతే: 18-55 + 55-250 లేదా 70-300
- జాతరలు, బండి మీద ప్రయాణం, లెన్సు మార్చే ఓపిక లేకపోతే: 18-135 లేదా 18-140 + ఒక ప్రైమ్
- అన్నీ కావాలంటే: 18-55 + 70-300 + 35 ప్రైమ్

నాలుగో జతను నికాన్ డీ5600 మీద లెక్కేస్తే బాడీ 465 గ్రాములు, లెన్సులు 205, 415, 200. కలిపి 1285 గ్రాములు. కిలోన్నర హద్దులోనే ఉంది.

"టామ్రాన్ 18-400 ఒక్కటి కొంటే గొడవ వదులుతుంది కదా?" అని తప్పక అడుగుతారు. వదులుతుంది. కానీ అదొక్కటే 700 గ్రాములు, చివర ఎఫ్/6.3. సాయంత్రం ఐదున్నర దాటాక, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్లో ఫోకస్ తడుముకుంటుంది. పగటిపూట మాత్రమే తిరిగేవాళ్లు, సముద్రపు ఒడ్డున లెన్సు మార్చడానికి భయపడేవాళ్లు తీసుకోవచ్చు. మిగతావాళ్లకు వద్దంటాను.

లెన్సు పేరులో ఈ అక్షరాలు కచ్చితంగా చూడండి:

- కెనాన్‌లో ఐఎస్, నికాన్‌లో వీఆర్ అంటే చెయ్యి వణుకును సర్దే ఏర్పాటు. నికాన్ ఏఎఫ్-పీ 70-300 డీఎక్స్‌లో వీఆర్ ఉన్నదీ లేనిదీ రెండూ వచ్చాయి. పైకి ఒకేలా ఉంటాయి. లేనిది ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు.
- నికాన్ డీ3500, డీ5600 బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులైతేనే ఆటోఫోకస్ పనిచేస్తుంది. పాత 50 ఎంఎం ఎఫ్/1.8డీ వేస్తే చేత్తో తిప్పుకోవాలి. డీ7500లో మోటారు ఉంది.
- ఏఎఫ్-పీ లెన్సులు డీ90, డీ7000 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయవు.
- కెనాన్ ఈఎఫ్-ఎస్ (ఏపీఎస్-సీ బాడీల కోసం చేసిన) లెన్సులు కెనాన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు తగలవు. రేపు మారే ఉద్దేశం ఉంటే గుర్తుపెట్టుకోండి.

5. ఇప్పుడు బాడీ

బడ్జెట్‌లో సగానికి మించి బాడీకి పెట్టకండి. లెన్సు పదేళ్లు పనిచేస్తుంది, బాడీ మీద మోజు మూడేళ్లకు తీరుతుంది.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. కెనాన్, నికాన్ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ బాడీలు తేలేదు. వాళ్ల దృష్టంతా లోపల అద్దం ఉండని మిర్రర్‌లెస్ మీదే. కొత్తది కొనడానికి చేతినిండా డబ్బున్నవాళ్లు మిర్రర్‌లెస్ కూడా చూసి నిర్ణయించుకోండి. డీఎస్ఎల్ఆర్ ఇప్పటికీ లాభమయ్యేది సెకండ్ హ్యాండ్‌లో. అందరూ మారిపోతున్నారు కాబట్టి మంచి బాడీలు, లెన్సులు చవకగా దొరుకుతున్నాయి. ఈ లెన్సులు తర్వాత కూడా వృథా కావు. కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ఎఫ్ మిర్రర్‌లెస్ బాడీల మీద బాగా పనిచేస్తాయి. నికాన్ ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ మిర్రర్‌లెస్ బాడీల మీద ఆటోఫోకస్ చేస్తాయి.

మెగాపిక్సెళ్ల లెక్క పక్కనపెట్టండి. కింద చెప్పేవన్నీ 20 నుంచి 24 మధ్యే, గోడకు కట్టే ఫొటోకు అది చాలా ఎక్కువ. చూడాల్సినవి ఇవి:

కెనాన్ 1500డీ (2018): చవక. ఫోకస్ పాయింట్లు (ఫ్రేములో ఫోకస్ పట్టగల చోట్లు) తొమ్మిదే, బ్యాటరీ లెక్క సుమారు 500 ఫొటోలు. ఊరికెళితే రెండో బ్యాటరీ తప్పనిసరి.

నికాన్ డీ3500 (2018): బాడీ 415 గ్రాములు, ఒక చార్జింగ్‌కు 1550 ఫొటోలు. కొండలెక్కేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. తెర మడవదు, టచ్ లేదు.

నికాన్ డీ5600 (2016): 39 ఫోకస్ పాయింట్లు, తిప్పుకునే టచ్ తెర. జనం తలల మీదుగా చెయ్యెత్తి తీయడానికి ఆ తెర ఉపయోగం. ఒక బాడీతోనే అన్నీ నెట్టుకురావాలంటే ఇది.

కెనాన్ 200డీ 2 (2019): వీడియో కూడా తీసేవాళ్లకు. తెర మీద చూస్తూ తీసినా ఫోకస్ వేగంగా పడుతుంది. ఆ విషయంలో పైన చెప్పిన నికాన్లు బాగా నెమ్మది.

నికాన్ డీ7500 (2017), కెనాన్ 80డీ (2016): బరువు 700 గ్రాములు దాటుతుంది. పక్షులు, జాతరలు మీ ప్రధాన విషయమైతే ఆ బరువుకు ఫలితముంటుంది. ఫోకస్ పాయింట్లు 51, 45. వీటి వ్యూఫైండర్ పెద్దది, వెలుగైనది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

షాపులో ఒక్కొక్కటీ కనీసం ఐదు నిమిషాలు చేత్తో పట్టుకోండి. చిటికెనవేలు కిందికి జారిపోతుందా, బొటనవేలుకు డయల్ అందుతుందా, వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం తిప్పితే అక్షరాలు మీ చూపుకు స్పష్టమవుతున్నాయా చూడండి. విజయనగరంలో, శ్రీకాకుళంలో నచ్చిన మోడల్ దొరక్కపోతే విశాఖ వెళ్లొచ్చినా నష్టం లేదు. పెళ్లి ఫొటోలు తీసే తెలిసిన స్టూడియో వాళ్లనడిగి ఒకరోజుకు లెన్సు అద్దెకు తీసుకుంటే ఇంకా మంచిది.

6. సెకండ్ హ్యాండ్ అయితే ఇలా తనిఖీ చేయండి

టార్చి, మీ మెమరీ కార్డు, లాప్‌టాప్ తీసుకొని పగలు వెళ్లండి. అమ్మేవాళ్లు తొందరపెడితే కొనకండి.

లెన్సుతో మొదలుపెట్టండి. రెండు మూతలూ తీసి, వెనకనుంచి టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము రేణువులు చుక్కల్లా కనిపిస్తాయి, అవి పర్వాలేదు. సాలెగూడు పోగుల్లా, కొమ్మలు చీలినట్టు సన్నని గీతలు అంచునుంచి లోపలికి పాకితే అది ఫంగస్. మన తీరంలో వాడిన లెన్సుల్లో మొదట వెతకాల్సింది దీన్నే. "క్లీన్ చేయిస్తే పోతుంది" అంటారు. పూత తినేసి ఉంటే మరక పోదు. గాజంతా పొగమంచులా ఉంటే దాన్ని హేజ్ అంటారు, అదీ వద్దు.

తర్వాత వరసగా:

- జూమ్ తిప్పితే ఇసుక నలిగిన శబ్దం వస్తుందా? బీచ్‌లో పడిన లెన్సు కావచ్చు.
- కిందికి వంచితే జూమ్ తనంతట తానే జారుతుందా?
- దగ్గర వస్తువు, దూరపు వస్తువు మార్చిమార్చి ఫోకస్ చేస్తే తడబడుతుందా?
- ఎఫ్/16 పెట్టి తెల్లగోడను కొంచెం మసగ్గా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. నల్ల మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము. రెండు మూడైతే గాలి ఊదే బ్లోయర్‌తో పోతాయి. అంటుకుపోయిన మరకలైతే క్లీనింగ్ ఖర్చు ధరలో తగ్గించమనండి.
- లెన్సు మూత పెట్టే కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి. రంగు చుక్కలు బోలెడుంటే ఆలోచించండి.
- షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఆ బాడీతో తీసిన ఫొటోల లెక్క): నికాన్‌లో తీసిన ఫొటో ఫైలులోనే ఆ అంకె ఉంటుంది, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చదవొచ్చు. కెనాన్‌లో చాలావాటికి కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి చూడాలి. డీ3500, డీ5600 షట్టర్లను లక్ష సార్లకు పరీక్షించారు. అరవై వేలు దాటినదానికి కొత్తదాని ధరలో సగం ఇవ్వకండి. పెళ్లిళ్లకు వాడిన బాడీలో ఈ అంకె చాలా త్వరగా పెరుగుతుంది.
- బ్యాటరీ గది తెరిచి పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారన్నమాట.
- బిల్లు, సీరియల్ నంబరు సరిపోలాలి. బిల్లు లేనిది దొంగ సరుకు కావచ్చు.

కొత్తది కొన్నా జీఎస్టీ బిల్లు, కంపెనీ వారంటీ కార్డు అడగండి. "షాపు వారంటీ" అనే మాట వినిపిస్తే బయటికొచ్చేయండి.

7. కొన్న మొదటి వారంలోనే పరీక్షించండి

వాపసు గడువు ఉండగానే ఈ పని ముగించాలి. ఎఫ్/1.8 ప్రైమ్ కొన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

గోడకు న్యూస్‌పేపరు నిటారుగా అంటించండి. కెమెరాను స్టూలు మీద కదలకుండా పెట్టి, ఎఫ్/1.8 దగ్గర, మధ్య ఫోకస్ పాయింటుతో, వ్యూఫైండర్ ద్వారా కొన్ని ఫొటోలు తీయండి. ప్రతిసారీ ఫోకస్ చెడగొట్టి మళ్లీ పట్టనివ్వండి. తర్వాత తెర మీద లైవ్ వ్యూలో అవే మళ్లీ. రెండూ పెద్దవి చేసి పక్కపక్కన చూడండి. లైవ్ వ్యూలో అక్షరాలు పదునుగా ఉండి, వ్యూఫైండర్లో తీసినవి ప్రతిసారీ మసకగా వస్తే ఫోకస్ ముందుకో వెనక్కో పడుతోందని అర్థం. డీఎస్ఎల్ఆర్‌లో ఈ రెండింటికీ ఫోకస్ దారులు వేరు కాబట్టి ఇలా జరుగుతుంది.

డీ7500, 80డీలలో దీన్ని మెనూలోనే సర్దుకోవచ్చు. డీ3500, డీ5600, 1500డీలలో ఆ సౌకర్యం లేదు, లెన్సు మార్పించుకోవడమే దారి. ఎఫ్/1.8లోనే బయటపడే లోపం కనుక కిట్ లెన్సుతో చూసి "బాగానే ఉంది" అనుకోవద్దు.

8. ఉప్పుగాలి, తేమ

కళింగపట్నం, బారువ, చింతపల్లి బీచ్‌లకు వెళ్తే లెన్సు గదిలోనే తగిలించుకొని బయల్దేరండి. ఇసుక మీద మార్చాల్సి వస్తే గాలికి వీపు పెట్టి, బాడీ నోరు కిందికి వంచి మార్చండి. తిరిగొచ్చాక మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీని, లెన్సు గొట్టాన్ని తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. ముందు గాజును మాత్రం మొదట బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ ముట్టించండి. ఉప్పు రేణువు మీద గుడ్డ రుద్దితే గీత పడుతుంది.

ఫంగస్ రాకుండా ఇంట్లో దాచే పద్ధతి:

- రబ్బరు అంచున్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా
- అందులో సిలికా జెల్ సంచులు, తేమ చూపించే చిన్న మీటరు
- మీటరు 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటితే జెల్ మార్చండి
- నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తడి పట్టాయని. సన్నసెగ మీద వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. వంటకు వాడని మూకుడు తీసుకోండి

కరెంటు డ్రై క్యాబినెట్ మంచిదే. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానం వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫంగస్‌కు అనువైన వాతావరణం సరిగ్గా అప్పుడే. క్యాబినెట్ ఉన్నా డబ్బా, జెల్ కూడా పెట్టుకోండి. బియ్యం డబ్బాలో కెమెరా పెట్టకండి, తవుడు లోపలికి పోతుంది. తోలు సంచిలో నెలల తరబడి ఉంచడం ఫంగస్‌కు విందు పెట్టడమే.

అన్నిటికన్నా పనికొచ్చేది వాడకం. వానాకాలంలో కూడా వారానికోసారి బయటికి తీసి, జూమ్ అటూ ఇటూ తిప్పి, కాసేపు గాలీ వెలుతురూ తగలనివ్వండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటి విరుగుడు

ఉచితంగా వచ్చే కాంబో చూసి మురిసిపోవడం. ట్రైపాడ్, తగిలించే వైడ్ అద్దం, మూడు ఫిల్టర్లు ఇస్తారు. ట్రైపాడ్ గాలికి ఊగుతుంది, ఆ అద్దం అంచులు చెడగొడుతుంది. వాటి బదులు ఒక బ్యాటరీ అడగండి.

లెన్సుకు చవక యూవీ ఫిల్టర్ బిగించి మర్చిపోవడం. సూర్యోదయం తీసినప్పుడు ఆకుపచ్చ మచ్చలు వస్తున్నాయంటే అనుమానించాల్సింది దాన్నే. తీసేసి హుడ్ (లెన్సు ముందు తగిలించే నీడ గొట్టం) పెట్టుకోండి. డబ్బు పెట్టాలనుకుంటే సర్క్యులర్ పోలరైజర్‌కు పెట్టండి. తాటిపూడి నీళ్ల మీద మెరుపు తగ్గించడానికి, వరిచేల పచ్చదనం నిండుగా రావడానికి అది పనికొస్తుంది. సూర్యుడు మీ భుజం వైపు ఉన్నప్పుడు ప్రభావం ఎక్కువ. వెలుతురు ఒకటి రెండు స్టాపులు (స్టాపుకు సగం చొప్పున) తగ్గుతుంది కాబట్టి నీడలోకి రాగానే తీసేయండి.

జూమ్ చేసిన ఫొటోలన్నీ కదిలినట్టు రావడం. 250 దగ్గర షట్టర్ కనీసం 1/400 ఉండాలి. అంత వెలుతురు లేకపోతే ఐఎస్ఓ పెంచండి. కదిలిన ఫొటో బాగుపడదు, గింజలున్న ఫొటో ఎంతో కొంత బాగుపడుతుంది.

10. బయల్దేరే ముందు రోజు రాత్రి

- రెండు బ్యాటరీలూ నిండా చార్జ్. కెమెరాలో ఒకటి, చొక్కా జేబులో ఒకటి
- ఒక పెద్ద కార్డుకన్నా రెండు మధ్యరకం కార్డులు. పాత ఫొటోలు కాపీ అయ్యాయని చూసుకున్నాకే కెమెరాలోనే ఫార్మాట్
- ఫైలు రకం: రా (తర్వాత సర్దుకునే వీలుండే ముడి ఫైలు) + జేపెగ్
- ఐఎస్ఓ ఆటో, గరిష్ఠ హద్దు 3200. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ సున్నాకు తెచ్చారో లేదో
- ఏఎఫ్-పీ లెన్సుల్లో వీఆర్ స్విచ్ ఉండదు, మెనూలో ఆన్ అయిందో లేదో
- బ్లోయర్, మెత్తటి గుడ్డ, జిప్ ఉన్న రెండు ప్లాస్టిక్ కవర్లు
- జాతరకైతే ఒక లెన్సు, మిగతా చోట్లకు రెండు. మూడోది ఇంట్లోనే

తిరిగొచ్చిన రాత్రి ఎంత అలసటగా ఉన్నా కార్డులోని ఫొటోలు లాప్‌టాప్‌లోకి, అక్కడినుంచి విడిగా ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. రెండు చోట్లా ఫొటోలు తెరుచుకుంటున్నాయని చూశాకే కార్డు ఖాళీ చేయండి.